బానెట్ మీద దెబ్బలు

ఫిబ్రవరి 18, మంగళవారం

ఈ పుస్తకం ఆయనది. కారు పుస్తకం. మొదటి సగం నిండా కిలోమీటర్లు, ఆయిల్ మార్చిన తేదీలు, టైర్లలో గాలి కొట్టించిన తేదీలు. చివరి తేదీ నవంబరు ఆరు. ఆ తర్వాతవన్నీ తెల్ల కాగితాలు. పారేయడానికి మనసొప్పలేదు, అందుకని నేను రాస్తున్నాను. చదివేది కూడా నేనే కాబట్టి అక్షరాలు వంకర పోయినా అడిగేవాళ్ళు లేరు.

ఇవాళ కారు దారిలో ఉడికిపోయింది. అత్తయ్యను వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి వెళుతుంటే, సరిగ్గా సగం దారిలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చుంది. బానెట్ సందుల్లోంచి పొగలా ఆవిరి. పక్కకు తీసి ఆపాను. చల్లారడానికి గంటన్నర పట్టింది. చేరేసరికి అత్తయ్య మంచం ఇంకెవరికో ఇచ్చేశారు. కాళ్ళావేళ్ళా పడితే సాయంత్రం రెండు గంటలు మిషన్ ఎక్కించారు. ఎక్కాల్సింది నాలుగు.

వారానికి రెండుసార్లు ఆవిడ రక్తాన్ని మిషన్ కడగాలి. మంగళ, శుక్రవారాలు. కిడ్నీలు చేతులెత్తేసి రెండేళ్ళయింది. బస్సెక్కే ఓపిక ఆవిడకు లేదు. కారు నడవకపోతే ఆవిడ లేదు, అంతే.

ఇద్దరం ఉన్నాం ఇంట్లో. ఇద్దరికీ ఆయన లేరు.

ఫిబ్రవరి 19, బుధవారం

మెకానిక్ అన్నయ్య వచ్చి చూశారు. మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు. కిందటి నెల జాకీ జారి కుడిచేతి వేళ్ళు నలిగి, మోచేతి దాకా కట్టు కట్టుకుని తిరుగుతున్నారు. షాపుకు తాళం.

"రేడియేటర్ పోయింది చెల్లెమ్మా. పైన ప్లాస్టిక్ తొట్టి పగిలింది. వాడు ఏదో ముద్ద పెట్టి అతికించాడు చూడు, అదీ ఊడింది. మార్చాల్సిందే" అన్నారు.

"ఎవరు మారుస్తారు?"

"చెయ్యి నీది, బుర్ర నాది. మెషిన్ మీద కాలర్ కుట్టేదానివి, నాలుగు బోల్టులు విప్పలేవా?"

నవ్వాను. నవంబరు తర్వాత నవ్వడం ఇదే మొదటిసారి అనుకుంటాను. పాత సామాన్ల కొట్టులో ఈ మోడల్ రేడియేటర్ ఉందేమో కనుక్కుంటానన్నారు. పది రోజులు పట్టొచ్చట. అందాకా పది కిలోమీటర్లకోసారి ఆపి నీళ్ళు పోసుకుంటూ వెళ్ళమన్నారు.

నీళ్ళ డబ్బా షెడ్డులోనే ఉంది, బంపర్ పక్కన. అయిదు లీటర్లది. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఆయన రేడియేటర్‌కు మంచినీళ్ళే పోసేవారు. "మనం ఏం తాగితే అదీ అదే తాగుతుంది" అనేవారు. నేనూ అలాగే నింపి పెట్టాను.

ఫిబ్రవరి 20, గురువారం

డబ్బాలో నీళ్ళు తగ్గాయి. నేను పోయలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మూడుసార్లు ఆపి, నీళ్ళు పోసి, ఎలాగో చేరాం. మిషన్ ఎక్కించే ముందు అత్తయ్యను తూకం వేస్తారు. ఒంట్లో చేరిన నీరెంతో దాన్నిబట్టి తెలుస్తుంది. నర్సు ముల్లు చూసి నా వైపు తిరిగింది.

"మూడు కిలోలు ఎక్కువుందమ్మా. ఎన్ని నీళ్ళిస్తున్నారు?"

"మూడు గ్లాసులు. మందులతో కలిపి."

"మూడు గ్లాసులకు ఇంత రాదు."

"ఆ రోజు రెండు గంటలే ఎక్కించారు కదా, అందుకే" అన్నాను. నాకు కోపం వచ్చింది. మూడు గ్లాసులూ సీసాలో పోసి, సుద్దతో గీతలు పెట్టి, గీత దాటకుండా ఇచ్చేదాన్ని నేను. టైలరింగ్ షాపుకు వెళ్ళేటప్పుడు వంటింటికి తాళం వేసి వెళ్ళేదాన్ని. ఎదురింటావిడ నన్ను గయ్యాళి కోడలంటుందని తెలుసు. అననీ. స్నానాలగదిలో ఉన్నవి ఉప్పు నీళ్ళు, నోట్లో పెట్టుకోలేరు. ఇంక నీళ్ళెక్కడివి? పైగా ఆవిడ చేతికర్ర ఊతంతో, గోడ పట్టుకుని స్నానాలగదికి వెళ్ళి రావడానికే పావుగంట పడుతుంది.

నా లెక్క తప్పదు. కాలర్ కొలత ఎన్నడూ తప్పలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

షాపు నుంచి రెండింటికి వచ్చాను. ఎండ మండిపోతోంది. వీధిలో పురుగు లేదు. అత్తయ్య తన గదిలో కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఆ గది పక్క తలుపు తీస్తే షెడ్డు. తలుపు మూసే ఉంది. నేను వంటింట్లో కంచం పెట్టుకున్నాను.

టంగ్ టంగ్.

బానెట్ మీద స్పానర్‌తో రెండు దెబ్బలు. ఇరవై ఆరేళ్ళు విన్నాను ఆ చప్పుడు. పొద్దున్నే కారు చూసుకునేటప్పుడు ఆయన కేకేసేవారు కాదు, రెండు దెబ్బలు కొట్టేవారు. అంటే చెంబుతో నీళ్ళు తెమ్మని. "నోరు లేదా మీకు?" అంటే "నోటికి అలుపొస్తుందే, ఇనుముకు రాదు" అనేవారు. నేను చెంబు తెచ్చి బంపర్ మీద పెట్టి, మొహం కూడా చూడకుండా వెనక్కి వచ్చేదాన్ని. పొద్దున్న పూట ఎవరి మొహం ఎవరు చూస్తారు, పని కాదూ.

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎండకు ఇనుము సాగి చప్పుడు చేస్తుంది, నాకు తెలుసు. కానీ ఎండ షెడ్డులోకి రాదు.

గదిలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. కళ్ళు తెరవకుండానే అంటోంది.

"వెళ్ళవే. పిలుస్తున్నాడు."

ఫిబ్రవరి 22, మళ్ళీ

వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. స్పానర్ కిటికీ గట్టు మీద ఎప్పటిలాగే ఉంది. డబ్బాలో నీళ్ళు, పొద్దున దాని మీద నేను పెట్టిన సుద్దగీతకు నాలుగు వేళ్ళు కింద ఉన్నాయి.

ఫిబ్రవరి 24, సోమవారం

స్పానర్ తెచ్చి నా కుట్టుమిషన్ సొరుగులో వేసి తాళం పెట్టాను.

డబ్బా మూత గట్టిగా బిగించాను, కాబట్టి ఆవిరి కాదు. మూత తిప్పి తీసే పిల్లి ఇంకా పుట్టలేదు. అడుగున చిల్లేమైనా ఉందా అని ఎత్తి చూశాను, లేదు. నేల పొడిగా ఉంది. మధ్యాహ్నానికి మళ్ళీ లీటరు తగ్గింది. ఎప్పుడూ నేను షాపులో ఉన్నప్పుడే.

మెకానిక్ అన్నయ్యకు ఫోన్లో చెబితే "కారు లీకైతే వింటాం కానీ డబ్బా లీకవడం ఏంటి చెల్లెమ్మా, నిద్ర సరిగ్గా పో" అన్నారు.

ఫిబ్రవరి 25, మంగళవారం

మూడున్నర కిలోలు. నర్సు ఈసారి కాగితం మీద అంకె వేసి దాని కింద రెండు గీతలు గీసింది.

తిరిగి వచ్చేటప్పుడు ముల్లు ఎక్కుతుంటే చెట్టు కింద ఆపి బానెట్ ఎత్తాను. చల్లారాలి. వెనక సీట్లో అత్తయ్య నిద్రపోయిందనుకున్నాను. అప్పుడంది.

"పదకొండు."

"ఏమిటత్తయ్యా?"

"ఆ రోజు వాడు కొట్టిన దెబ్బలు. నా మంచం కిటికీ పక్కనే కదే. లెక్కపెట్టాను. లేవలేనుగా, లెక్కపెట్టాను. నీకు వినిపించలేదా?"

బానెట్ దించి, డబ్బా లోపల పెట్టి, కారు స్టార్ట్ చేశాను. ఇంకా వేడిగానే ఉంది. ఉండనీ అనుకున్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం

ఇవాళ ఏమీ రాయను.

ఫిబ్రవరి 27, గురువారం

ఆయనే.

ఎందుకు భయపడుతున్నానో నాకే నవ్వొచ్చింది. నా మొగుడు నా ఇంటికి వస్తే నాకు భయమేమిటి? ఆయనకు దాహంగా ఉంది, అంతే. మంచినీళ్ళు కనిపిస్తున్నాయి, తాగుతున్నారు.

పొద్దున డబ్బా నిండా నీళ్ళు నింపాను. ఆయన స్టీలు గ్లాసు, అంచు మీద సొట్ట ఉన్నది, బీరువాలోంచి తీసి తోమి డబ్బా మూత మీద బోర్లించి షాపుకు వెళ్ళాను. రోజంతా కాలర్లు వంకరగా కుట్టాను. పక్క మిషనావిడ "ఏంటక్కా, పెళ్ళికూతురిలా దిక్కులు చూస్తున్నావు" అని ఆటపట్టించింది.

రెండింటికి వచ్చి చూస్తే గ్లాసు నేల మీద నిలబెట్టి ఉంది. అడుగున తడి. ఎన్నిసార్లు చెప్పినా ఆయన తాగిన గ్లాసు బోర్లించేవారు కాదు. తల్లీకొడుకులిద్దరికీ అదే అలవాటు. ఇరవై ఆరేళ్ళు బోర్లించీ బోర్లించీ నా చేతులు అరిగిపోయాయి.

గ్లాసును గుండెకు హత్తుకుని షెడ్డులో కూర్చుని ఏడ్చాను. సంతోషమే అది. ఇలాంటి సంతోషం కూడా ఉంటుందని నాకు తెలియదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

నాలుగు కిలోల రెండువందలు.

దారిలో రెండుసార్లు ఉడికింది. అత్తయ్యకు ఊపిరి అందలేదు. పడుకుంటే ఎగశ్వాస, అందుకని కూర్చోబెట్టి దుప్పటితో సీటుకు కట్టాను. డాక్టరు నన్ను గది బయటికి పిలిచాడు. చిన్నవాడు, నా కొడుకు వయసుంటుంది, నాకు కొడుకంటూ ఉంటే.

"అమ్మా, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఇంకోసారి ఇలా వస్తే మా చేతుల్లో ఉండదు. ఆవిడ ఎక్కడో నీళ్ళు తాగుతోంది. దాహానికి వీళ్ళు పూలకుండీలో నీళ్ళు కూడా తాగేస్తారు. మీరు చూడట్లేదు."

"మా ఇంట్లో పూలకుండీలు లేవు" అన్నాను.

అదీ నా జవాబు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

రేడియేటర్ దొరికిందని ఫోను వచ్చింది. రేపు మారుస్తాం.

మార్చి 1, శనివారం

షాపుకు సెలవు పెట్టాను. మెకానిక్ అన్నయ్య ముక్కాలిపీట వేసుకుని షెడ్డు గుమ్మంలో కూర్చున్నారు. నేను మా ఆయన పాత చొక్కా వేసుకుని, చీర కుచ్చిళ్ళు దోపి కారు ముందు దిగాను.

ముందు అడుగున ఉన్న కుళాయి తిప్పి పాత నీళ్ళు తొట్టిలోకి వదలాలి. ఎర్రగా తుప్పు రంగులో వచ్చాయి. తర్వాత పైన లావుపాటి రబ్బరు పైపు, కింద ఇంకోటి. వాటి క్లిప్పులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఊడినట్టే ఊడి మళ్ళీ బిగుసుకున్నాయి. "బతిమాలకు, తిట్టు" అన్నారు అన్నయ్య. తిట్టాను. ఊడింది. ఫ్యాను వైరు తీసి, ఫ్యాను చట్రం విప్పి, పైన ఉన్న రెండు పట్టీలు విప్పాను. ఏ బోల్టు ఎక్కడిదో కలిసిపోకుండా నా గుండీల డబ్బా అరల్లో వేసి, ఒక్కో అరకు సుద్దతో అంకె వేశాను. అన్నయ్య చూసి "నలభై ఏళ్ళ సర్వీసులో నాకు రాని బుద్ధి" అన్నారు.

పాత రేడియేటర్ రెండు చేతులతో ఎత్తి బయటికి తీశాను. పైన ఆయన పెట్టిన ముద్ద. దాని మీద ఆయన బొటనవేలి ముద్ర, గీతలతో సహా. నా వేలు దాని మీద పెట్టాను. సరిపోలేదు, పెద్దది.

"పడేయమంటావా?" అన్నారు అన్నయ్య.

"ఉండనివ్వండి."

అత్తయ్య కిటికీలోంచి చూస్తూనే ఉంది. పెదాలు పగిలి ఉన్నాయి. మధ్యాహ్నం "నోరు ఎండిపోతోందే" అంటే ఒక ఐసుముక్క ఇచ్చాను. అది కరిగేదాకా నన్నే చూసింది.

ఇవాళ డబ్బాలో నీళ్ళు తగ్గలేదు. మేము రోజంతా షెడ్డులోనే ఉన్నాం కదా, ఆయన ఎలా వస్తారు?

మార్చి 2, ఆదివారం

కొత్తది ఎక్కింది. కొత్తదంటే కొత్త కాదు, ఇంకెవరి కారుదో. కింద రెండు రబ్బరు దిండ్లలో కాళ్ళు కూర్చోబెట్టడానికి గంట పట్టింది. ఒకటి కూర్చుంటే ఒకటి లేస్తుంది. గుండీల డబ్బాలో ఒక్క బోల్టు కూడా మిగల్లేదు.

నేను మంచినీళ్ళ డబ్బా ఎత్తబోతే అన్నయ్య కేకేశారు.

"నీళ్ళు వద్దు! ఇన్నేళ్ళూ వాడు నీళ్ళు పోసీ పోసీనే అది కుళ్ళింది. ఇదుగో కూలెంట్, ఇంజన్‌ను చల్లబరిచే మందు, నీళ్ళు కలిపే ఉంది, ఇదే పోయాలి."

ఆకుపచ్చగా, మెరుస్తూ ఉంది.

"చేతికి అంటితే కడుక్కో. తియ్యగా ఉంటుంది, కానీ పచ్చి విషం. కుక్కలూ పిల్లులూ తీపికి నాకి చచ్చిపోతుంటాయి. మా షాపు ముందు అలా రెండు పోయాయి. మనిషికీ అంతే, ఒక్క గ్లాసు చాలు."

పోశాను. మూత తీసే ఉంచి ఇంజన్ ఆన్ చేసి, పై పైపు పిసుకుతుంటే లోపలి గాలి బుడగలుగా వచ్చింది. తగ్గినప్పుడల్లా మళ్ళీ పోశాను. ముల్లు సగానికి వచ్చి ఆగింది. ఫ్యాను దానంతటదే తిరిగింది. అన్నయ్య ఎడమచేత్తో నా తల నిమిరారు.

ఇంకా రెండు లీటర్లు మిగిలింది. కూలెంట్ తెచ్చిన డబ్బా అన్నయ్యది, తిరిగి ఇచ్చేయాలి. మిగిలింది పారబోయడం నాకు చేతకాదు, అంగుళం గుడ్డ కూడా దాచేదాన్ని. మంచినీళ్ళ డబ్బాలో ఉన్న నీళ్ళు బయట పోసి, కూలెంట్ అందులో పోసి, ఎప్పుడూ ఉండే చోటే, బంపర్ పక్కన పెట్టాను.

మార్చి 3, సోమవారం

ఊరి చివరి దాకా నడిపి చూశాను. ముల్లు కదల్లేదు. నేల పొడిగా ఉంది.

గ్లాసు ఇంకా డబ్బా మూత మీదే ఉంది. తీసేయాలని పొద్దున గుర్తొచ్చింది. మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఇప్పుడు కూడా గుర్తుంది.

మార్చి 5, బుధవారం

ఆసుపత్రి వసారాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇది పూర్తిగా రాయాలి. రాయకపోతే మళ్ళీ నాకు నేను కథలు చెప్పుకుంటాను.

నిన్న పొద్దున ఆరున్నరకు పాలు పొయ్యి మీద పెట్టాను. ఆసుపత్రికి బయల్దేరాలి, టిఫిను డబ్బా సర్దుతున్నాను. టంగ్ టంగ్ అని వినిపించింది. పాలు అంచుకు వస్తున్నాయి. వస్తున్నా అని నోటిదాకా వచ్చింది. అచ్చం నవంబరు ఆరులాగే వచ్చింది.

మళ్ళీ టంగ్ టంగ్.

పొయ్యి కట్టేయలేదు. పాలు వదిలేసి, చెంబు వదిలేసి పరుగెత్తాను.

అత్తయ్య గది పక్క తలుపు బార్లా తీసి ఉంది. ఆవిడ షెడ్డులో నేల మీద, బంపర్‌కు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో డబ్బా. ఒక చేత్తో డబ్బా మెడ పట్టుకుంది, రెండో చేతిలో ఆయన గ్లాసు. గ్లాసు నిండా ఆకుపచ్చగా ఉంది. నోటి దగ్గర పెట్టుకుంది. చెయ్యి విసిరి కొట్టాను. గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. ఆవిడ నన్ను చూసి చిన్నపిల్లలా నవ్వింది. కింది పెదవి ఆకుపచ్చగా ఉంది.

"ఇవాళ తియ్యగా ఉన్నాయే" అంది.

"ఎంత తాగారు? అత్తయ్యా, ఎంత తాగారు?"

"ఒక్క గుటక. రెండేమో. ఎన్నాళ్ళయిందే తీపి తిని."

ఆ మనిషిని ఎలా ఎత్తానో తెలియదు. నలభై కిలోమీటర్లు. ఎక్కడా ఆపలేదు, ఎక్కడా బ్రేకు మీద కాలు నిలపలేదు. ముల్లు వంకే చూస్తూ నడిపాను. ఒక్కసారి కూడా సగం దాటలేదు. పాత రేడియేటర్ ఉండి ఉంటే గంటన్నర చెట్టు కింద కూర్చునేవాళ్ళం, ఈవిడ నా చేతుల్లో పోయేది. మొన్నటిదాకా నాకు రాని పని నా ప్రాణం కాపాడింది. నా ప్రాణమే అంటున్నాను, ఆవిడది కాదు.

ఏం తాగిందో చెప్పగానే ఆ చిన్న డాక్టరు అందరినీ పరుగెత్తించాడు. ఆ విషానికి మందు కూడా ఆ మిషనేనట, రక్తం కడగడమే. ఎనిమిది గంటలు కడిగారు. "ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే..." అని ఆగాడు. మిగతాది నేను పూర్తి చేసుకోగలను.

రాయాల్సినవి ఇంకా రెండున్నాయి.

మొదటిది. నవంబరు ఆరు పొద్దున రెండు దెబ్బలు వినిపించాయి. వస్తున్నా అన్నాను. మళ్ళీ రెండు. "నాకు చేతులు రెండే" అని అరిచాను. మళ్ళీ, మళ్ళీ. ఏమిటీ పోకిరితనం అని ఒళ్ళు మండింది. పొంగే పాలు దించాను, టీ కలిపాను. దెబ్బలు ఆగాయి. ఆగినందుకు హమ్మయ్య అనుకున్నాను. చెంబు నింపుకుని వెళ్ళాను. ఆయన కాళ్ళు కారు పక్కన నేల మీద కనిపించాయి. కింద దూరి ఏదో బిగిస్తున్నారనుకున్నాను. చెంబు బంపర్ మీద పెట్టి, "ఇదుగోండి మహారాజుగారూ, నీళ్ళు" అని వెక్కిరించి, వంగి చూడకుండా లోపలికి వచ్చి టీ తాగాను. గ్లాసెడూ తాగాను. బిస్కెట్టు కూడా ముంచుకున్నాను. అప్పటికి ఆయన గుండె ఆగిపోయి ఉందో, ఇంకా కొట్టుకుంటోందో ఎవరూ చెప్పలేరు. మందు ఆయన చొక్కా జేబులోనే ఉంది. వేసుకోవడానికి నీళ్ళు అడిగారు.

ఎవరికీ చెప్పలేదు. చప్పుడు వినగానే వెళ్ళానని అందరికీ చెప్పాను. పదకొండు దెబ్బలని తెలిసిన మనిషి ఒక్కతే ఉంది లోకంలో.

రెండోది. డబ్బాలోంచి నీళ్ళు తాగేది ఎవరో నాకు తెలుసా? తెలియదు అని రాసి కొట్టేశాను. తెలుసు అని రాసి, అదీ కొట్టేశాను. నర్సు చెప్పింది, డాక్టరు చెప్పాడు, నిలబెట్టిన గ్లాసు చెప్పింది. నా లెక్క తప్పదు, నేనే కదా రాశాను. అయినా విషం తెచ్చి ఆ డబ్బాలోనే పోశాను, అక్కడే పెట్టాను, గ్లాసు తీయలేదు. తీసేయాలని మూడుసార్లు గుర్తొచ్చింది.

ఈ పేజీ చింపను.

మార్చి 6, గురువారం

అత్తయ్య కళ్ళు తెరిచింది. నన్ను చూసి "పాలు దించావా?" అంది. దించలేదని చెప్పాను. గిన్నె మాడి ఉంటుంది. ఇంటికి వెళ్ళి చూడాలంటే భయంగా ఉంది.

మార్చి 7, శుక్రవారం

గిన్నె మాడలేదు. పొయ్యి కట్టేసి ఉంది. పాలు విరిగాయి, అంతే.

నేను కట్టేయలేదు. అది మాత్రం నాకు బాగా తెలుసు.

మార్చి 8, శనివారం

ఇంటికి తీసుకొచ్చాను. ముల్లు సగంలోనే ఉంది.

డబ్బా ఖాళీ చేసి, గొడ్డలితో రెండు ముక్కలు చేసి పారేశాను. షెడ్డు నేల నాలుగుసార్లు కడిగాను. అత్తయ్య గది పక్క తలుపుకు గొళ్ళెం వేయబోయి ఆగాను. వంటింటి తాళం తీసి బావిలో పడేద్దామన్నంత కోపం వచ్చింది, మాకు బావి లేదు. ఆ తాళంచెవి ఆవిడ దిండు కింద పెట్టాను.

"నీళ్ళు మూడు గ్లాసులే అత్తయ్యా. ఇంక తాళాలు వేయను. మీరే చూసుకోవాలి."

"వేయమన్నా వేస్తావా ఏంటి, ఇప్పుడు" అంది. ఎగతాళే, కానీ చెయ్యి పట్టుకుంది.

ఇవాళ్టి మొదటి గ్లాసు ఆయన సొట్ట గ్లాసులో ఇచ్చాను, గీత దాకా. చిన్న చిన్న గుక్కలుగా, చాలాసేపు తాగింది. తాగి నేల మీద నిలబెట్టింది.

నాకు అడగాలని లేదు. అడిగాను.

"మంగళవారం పొద్దున బానెట్ మీద మీరే కొట్టారు కదా? నేను రావాలని?"

"నేనా? రెండు చేతుల్లోనూ డబ్బా, గ్లాసూ ఉంటే దేనితో కొడతానే?"

స్పానర్ నా మిషన్ సొరుగులో ఉంది. ఆవిడ చేతికర్ర ఆ పొద్దున మంచానికి ఆనించే ఉంది, నేనే చూశాను.

"మరి..."

"వాడే. నా తలకు పైనే కొట్టాడు, బానెట్ ఖంగున మోగింది." కళ్ళు మూసుకుని దిండు మీదకు ఒరిగింది. నిద్రపోయిందనుకుని లేచాను. అప్పుడంది.

"ఈసారి నాలుగో దెబ్బకే వచ్చావు."

గ్లాసు కడిగి బోర్లించాను.